నీళ్లలోకి వేసిన తొలి ముద్ద

"దిగండి! అందరూ దిగండి!" అని నా స్నేహితుడు తెలుగులోనే అరిచాడు.

థాయ్‌లాండ్ పడమటి తీరంలో, బర్మా సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న రేవు అది. ఉదయం ఏడు దాటింది. దీవికి వెళ్లే పొడవాటి చెక్క పడవలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. కూరగాయల బుట్టలు, రెండు కోళ్లు, గోనెపట్టాలో చుట్టిన కొత్త కుట్టుమిషను కూడా ఎక్కాయి. నా స్నేహితుడు ఒక కాలు పడవలో పెట్టబోయి ఆగాడు. మెడ వెనక తగులుతున్న గాలి ఏ దిక్కునుంచి వస్తోందో చూసుకున్నాడు. కాలు వెనక్కి తీసుకుని, పడవ తాడు రెండు చేతులా పట్టుకుని అరిచాడు.

వాళ్లకు తెలుగు రాదు. అయినా దిగారు. అరిచినవాడి మొహం చూసి, ఒకరి తర్వాత ఒకరు గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు. కుట్టుమిషనును కూడా దింపారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ నవ్వలేదు. పేపర్ పనిలో చాలా జనాన్ని చూశాను కానీ, ఒక కొత్తవాడి భయానికి అంత మర్యాద ఇచ్చినవాళ్లను మళ్లీ చూడలేదు.

"ఏందిరా గట్ల అరిచినవ్?" అన్నాను.

"ఈశాన్యం గాలిరా. ఆ ఉప్పెన రోజు మా ఊరి మీదికి వచ్చింది ఇదే."

రేవులో టీకొట్టు నడిపే ఆమె రెండు గ్లాసులు పట్టుకుని వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా వైమానిక స్థావరంలో వంట చేసిందట, ఇంగ్లీషు దడదడా మాట్లాడేది. సంగతి విని తల ఊపింది. "ఈ గాలి మాకు కొండల మీంచి వస్తుంది. దీనికి సముద్రం పడుకుంటుంది. ఎదురుగా పడమటి నుంచి కొడితేనే లేస్తుంది" అంది.

అప్పుడు అర్థమైంది. వీడు పుట్టిన ఊరికి సముద్రం తూర్పున ఉంటుంది. ఇక్కడ పడమట. దిక్కులన్నీ ఒంట్లో ఇంకిపోయినవాడు, అవతలి గట్టున నిలబడి ఇవతలి గాలిని చదివాడు. దివిసీమలో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. జనం మళ్లీ ఎక్కారు, పడవ వెళ్లిపోయింది. మేం ఉండిపోయాం.

మేమిద్దరం న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. డెబ్బైల చివర నేను చదువుకోవడానికి వచ్చి, ఆ తర్వాత అక్కడి చిన్న జిల్లా పేపర్లో కాపీ దిద్దే ఉద్యోగంలో కుదిరాను. అతను నాకంటే ముందే వచ్చాడు. మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. చేపలు పట్టే ఇంట్లో బడికి పోయిన మొదటివాడు. అన్న నావ నడిపి తమ్ముణ్ణి చదివించాడు. వేసవిలో మిగతా కుర్రాళ్లందరూ కార్లలో జెర్సీ తీరానికి డ్రైవ్ చేసేవాళ్లు, గంట దూరం. ఇతను ఒక్కసారీ రాలేదు. "ఇసకంటే పడదు" అనేవాడు.

అమెరికా రాకముందు, దివిసీమ ఉప్పెన వచ్చిన వారం నేను బెజవాడలో, ఒక దినపత్రిక డెస్క్ మీద ఉన్నాను. ఊళ్ల నుంచి వచ్చే జాబితాలు దిద్దడం నా పని. చనిపోయినవాళ్లవి ఒకవైపు, ఆచూకీ తెలియనివాళ్లవి ఒకవైపు. ఈ సంగతి ఒకరోజు వంట చేస్తూ మామూలుగా చెప్పాను. అతను ఉల్లిపాయ కోయడం ఆపాడు. "మా అన్న రెండో జాబితాలో ఉంటాడు. నువ్వు దిద్దే ఉంటావ్" అన్నాడు.

అన్న ఆ గాలివానకు ముందురోజే మరో ఇద్దర్ని తీసుకుని చేపల వేటకు వెళ్లాడు. నావా రాలేదు, మనుషులూ రాలేదు. వదిన బొట్టు తీయలేదు. ఊరు తీయమంది, తల్లి తీయమంది. "చూసినవాళ్లెవరు?" అని ఒక్కటే మాట అందట వదిన. ప్రతి ఉత్తరంలోనూ మరిదిని అదే అడిగించేది: ఏమైనా తెలిసిందా? ఊళ్లో పనిచేసే అధికారులకంటే అమెరికాలో ఉన్నవాడికే ఎక్కువ తెలుస్తుందని ఆమె నమ్మకం.

తర్వాత ఒక కబురు వచ్చింది. బందరు వైపు జాలరి ఒకడు వేరే గాలిలో కొట్టుకుపోయి బర్మాలో తేలి, ఎన్నాళ్లకో ఇల్లు చేరాడు. మనవైపు నావ ఒకటి ఇంకా కిందికి, థాయ్‌లాండ్ దీవుల దాకా పోయిందని అక్కడ విన్నానన్నాడు. బర్మా అప్పట్లో వారానికి మించి ఉండనిచ్చేది కాదు, తీరం వైపు అసలు పోనిచ్చేది కాదు. అందుకని థాయ్‌లాండ్. గ్రీన్ కార్డ్ చేతికి రాగానే అతను టికెట్లు బుక్ చేశాడు, ఇద్దరికీ.

మా పై వాటాలో ఉండే ఆంటీ మా వీపుసంచులు చూసి బుగ్గలు నొక్కుకుంది. "గ్రీన్ కార్డ్ వచ్చిన కుర్రాళ్లు ఇండియా వెళ్లి పిల్లను చూసుకుంటారు. మీరు మూటలు నెత్తినేసుకుని థాయ్‌లాండా? ఏం, సన్నాసుల్లో కలుస్తారా?"

"అక్కడా పిల్లలుంటారు ఆంటీ" అన్నాడు వాడు.

"చాల్లే, చెప్పుతో కొడతా" అంటూనే ఆవిడ ఒక పచ్చడి సీసా సంచిలో కుక్కింది.

ముందు ఉత్తరాదికి, కొండల్లోకి వెళ్లాం. అది అతని ఆలోచనే. సముద్రాన్ని ఎంత వెనక్కి నెట్టగలిగితే అంత మంచిదని అతను పైకి అనలేదు, నేనూ అడగలేదు. చియాంగ్ మాయ్ దాటి నాలుగు రోజులు నడిచాం. పొద్దున్నే లోయల్లో పొగమంచు, దాని మీద తేలుతున్నట్టుగా గడ్డికప్పుల ఇళ్లు. వెదురు నేల మీద పడుకుంటే కింద పందులు ఒళ్లు రుద్దుకునే చప్పుడు వినిపించేది. ఎవరింటి ముందు ఆగినా ముందు నీళ్లు, తర్వాతే ప్రశ్నలు.

ఒక ఊళ్లో, వాగు పక్క ఇంట్లో, చిరిగిన విసురువల ఒకటి గోడకు వేలాడుతోంది. అతను అడక్కుండానే దాన్ని దింపి ఒళ్లో వేసుకున్నాడు. ఇంటాయన దారపుకండె తెచ్చి ఇచ్చాడు. రెండు గంటలు వల బాగుచేశాడు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, అతని చేతులు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ల్యాబ్‌లో గాజునాళాలు పట్టే వేళ్లే అవి. ఇంటాయన వల విప్పి వెలుతురుకు పట్టి, ముడులు వేలితో తడిమి, తన భార్యను పిలిచి చూపించాడు. ఆ పూట మాకు కోడి కోశారు.

"ఇంకో కొండ ఎక్కుదామా?" అన్నాడు మర్నాడు.

"ఎక్కుదాం. కానీ కొండల మీద నావలు ఉండవు" అన్నాను.

అతను చాలాసేపు నడిచాక, "తెలుసులేరా పేపరోడా" అన్నాడు. ఆ సాయంత్రమే దక్షిణానికి వెళ్లే బస్సు ఎక్కాం.

అలా ఆ రేవుకు చేరాం. టీకొట్టావిడ మేనమామ దీవిలో పాత జాలరి. ఆ చుట్టుపక్కల ఏ పడవ ఎప్పుడు కొట్టుకొచ్చినా ముందు ఆయనకే తెలిసేదట. ఆయన నడవలేడు, ఇటు రాలేడు. అంటే ఇతనే పడవ ఎక్కాలి.

రెండోరోజూ ఎక్కలేదు. గట్టు మీద కూర్చుని పడవ వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం చూశాడు. టీకొట్టావిడను అప్పటికే తెలుగులో "పిన్నీ" అని పిలుస్తున్నాడు, ఆవిడ పలుకుతోంది కూడా. పిన్ని అతని సంచి వైపు చూపించి, "రేపు నువ్వు ఎక్కకపోతే సంచిని ఎక్కిస్తా. అదైనా చూసి వస్తుంది" అంది. అతను నవ్వాడు. ఆ రేవులో అతని నవ్వు చూడడం అదే మొదటిసారి.

మూడోరోజు ఎక్కాడు. సముద్రానికి వీపు పెట్టి, గట్టు వైపు తిరిగి, పడవ అడుగున చతికిలబడ్డాడు. నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. పిన్ని కొట్టు మూసి మాతోపాటు వచ్చింది. ఇంజను మొదలవగానే నా మోకాలు పట్టుకున్నాడు.

"మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదో ఒకటి. మీ పేపర్ హెడ్డింగులు చెప్పు."

చెప్పాను. స్కూలు బోర్డు సమావేశంలో రభస. మంచు ఎత్తలేదని వీధివాసుల ఆగ్రహం. లైబ్రరీ పైకప్పుకు మళ్లీ చిల్లు. అతను కళ్లు మూసుకుని ఒక్కొక్కదానికీ తల ఊపుతున్నాడు.

"తప్పిపోయిన కుక్క పదకొండో రోజు ఇంటికి."

కళ్లు తెరిచాడు. "నిజంగానా?"

"నిజమే. నేనే పెట్టిన హెడ్డింగ్ అది."

"ఎలా వచ్చిందట?"

"ఎవరికీ తెల్వదు. కాళ్లు పుండ్లయి ఉన్నయంట."

"ఇంకోటి చెప్పు" అన్నాడు, మోకాలు వదలకుండా. దీవి చేరేసరికి నా దగ్గర రెండేళ్ల హెడ్డింగులు అయిపోయాయి. నీళ్లు నిజంగానే పిన్ని చెప్పినట్టు పడుకుని ఉన్నాయి, అడుగున రాళ్లు కనబడేంత తేటగా. అంత అందాన్ని అతను చూడలేదు. దానికి వీపు పెట్టి అయినా దాటాడు. నేను చూసిన ధైర్యాల్లో దాన్ని చాలా పైన పెడతాను.

ముసలాయన ఇల్లు నీళ్ల మీద గుంజలపై ఉంది. పిన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే గంటసేపు అడిగాం. కొట్టుకొచ్చిన పడవలా? బోలెడు. ఇండియా మనుషులా? ఏమో, బర్మావాళ్లు, బెంగాల్‌వాళ్లు, ఎవరు ఎవరో. నా నోటుబుక్కులో ఒక్క పనికొచ్చే వాక్యం లేదు. ఆయన కోడలు అన్నం పెట్టింది. పులుపు దట్టంగా వేసిన చేపల కూర, మన పులుసుకు దగ్గరి చుట్టం. నా స్నేహితుడు కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకోకుండా, నేలచెక్కల సందులోంచి కింది నీళ్లలోకి వదిలాడు. రెండో ముద్ద తిన్నాడు. పిస్కాటవేలో ఒక్కసారీ అలా చేయడం నేను చూడలేదు.

ముసలాయన తినడం ఆపేసి, పిన్నితో వేగంగా ఏదో అన్నాడు.

"మామ అడుగుతున్నాడు. అదేమిటని."

"గంగమ్మకి. మా ఇంట్లో నీళ్ల మీద తింటే తొలి ముద్ద నీళ్లకి."

ఆయన చాలాసేపు మాట్లాడాడు. పిన్ని ఆయన మాటలనే కొంచెం కొంచెంగా ఇంగ్లీషులో చెప్పింది. ఒకసారి పడమటి నుంచి ఒక నావ వచ్చింది. తెరచాప లేదు. ముగ్గురు మనుషులు, నడవలేరు. ఈ గదిలోనే అన్నం పెట్టాం. ఆకలితో చావబోతున్నారు, అయినా తొలి ముద్ద నీళ్లలో పడింది. నా భార్య ఏడ్చింది. పోలీసు పడవ వచ్చి వాళ్లను అటు గట్టుకు తీసుకుపోయింది. తర్వాత ఏమైందో తెలియదు.

నేను పేపరువాణ్ణి. ఎప్పుడు, అని అడిగాను. ఏ సంవత్సరం, ఏ నెల? ఆయనకు గుర్తులేదు. కోడలు కాపురానికి రాకముందు. ఆమె ఎప్పుడొచ్చింది? దానికి ఆమె దగ్గరా లెక్కలేదు. వదలకుండా అదే అడిగాను. నా స్నేహితుడు ఆ చెక్కల సందు వైపే చూస్తూ కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో అతను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. నన్ను మాట్లాడమనలేదు.

"బతికుంటే ఇన్నేళ్లు ఇల్లు చేరడా?" అన్నాను గట్టు దిగాక. అనకూడదని తెలిసీ అన్నాను.

"అదే కదరా తెలియాల్సింది."

న్యూజెర్సీ వచ్చాక విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చెప్పే ఒక ఆచార్యుణ్ణి అడిగాను. ఉప్పెన వచ్చిన ఆ నెలల్లో ప్రవాహం మామూలుగా అటు తోయదు, తుపానులో మాత్రం ఏదీ చెప్పలేం, అన్నాడు. నా స్నేహితుడు ఆ తీరంలోని పోలీసు కచేరీలకు ఉత్తరాలు రాశాడు. ఒకదానికే జవాబు వచ్చింది. క్యాంపస్‌లోని థాయ్ విద్యార్థిని చదివి పెట్టింది: అప్పటి కాగితాలు తమ దగ్గర లేవని.

ఎనభైల మధ్యలో అతను ఇండియా వెళ్లి వదినకు అంతా చెప్పాడు. అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు, ట్రంక్ కాల్. గొంతు సరిగా వినబడడం లేదు.

"ఒరేయ్, వదిన ఒకటి అడిగింది. ముద్ద వేసింది ఒక్కడా, ముగ్గురూనా?"

"ఏం, ఏమైతది?"

"మా నావల్లో పెద్ద ఒక్కడే వేస్తాడట. మిగతావాళ్లు అతను వేసేదాకా ఆగుతారట. నేను బడికి పోయినవాణ్ణి, నాకేం తెలుసు? ముగ్గురూ వేసుంటే వాళ్లు మావాళ్లు కారట. ఒక్కడే వేసుంటే... నీ బుక్కులో చూడరా."

చూశాను. "తొలి ముద్ద నీళ్లలో పడింది" అని ఉంది. బెజవాడలో డెస్క్ మీద మొదటిరోజు నేర్పిన ప్రశ్న 'ఎవరు?'. 'ఎప్పుడు?' అనేదాని వెంటపడి దాన్ని వదిలేశాను.

పిన్నికి ఉత్తరం రాశాం. రెండు నెలలకు జవాబు వచ్చింది, వైమానిక స్థావరం ఇంగ్లీషులో. మామ మొన్న వానాకాలంలో పోయాడని, అత్త అంతకుముందే పోయిందని, అప్పుడు ఆ గదిలో ఇంకెవరూ లేరని రాసింది.

వదిన బొట్టు తీయలేదు.