తక్కువ పవర్ వద్దన్న నాయుడు

1996లో నేను దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో ఒక వర్క్‌షాపులో టెక్నీషియన్‌ని. దుర్భిణీలు, సర్వే పరికరాలు, తుపాకీ స్కోపులు బాగుచేసే చోటు అది. హైదరాబాదు నుంచి వచ్చి ఏడాది దాటింది. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్ళయినా ఉత్తర తీరపు చెరుకుతోటల్లో పార్టీల కొట్లాటలు ఆగలేదు. షాకాస్‌క్రాల్ వైపు గస్తీ తిరిగే పోలీసు జట్టు తమ ఎనిమిది రైఫిళ్ళకి స్కోపులు కావాలని మా దగ్గరికి వచ్చింది. ఏది సరిపోతుందో తేల్చి సంతకం పెట్టడం నా పని. గంటలో తెమలాల్సిన ఆ పని మూడు వారాలు నా ప్రాణం తోడేసింది.

పోలీసుశాఖలో కొనుగోళ్ళు చూసే అధికారి పేరు నాయుడు. డర్బన్‌లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్ మనిషి, యాభై దాటినవాడు. ముత్తాత చెరుకు పనికి కోస్తా నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆయన దగ్గర తెలుగు ప్రార్థనలకీ, పచ్చళ్ళకీ, తిట్లకీ మాత్రం మిగిలింది.

సంగతి చాలా చిన్నది. మ్యాగ్నిఫికేషన్ అంటే దూరంలోది ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో ఆ లెక్క. ఫీల్డ్ ఆఫ్ వ్యూ అంటే ఆ గాజులోంచి ఎంత మేర కనిపిస్తుందో అది. మొదటిది పెరిగితే రెండోది తరుగుతుంది. చెరుకు వరుసల మధ్య మనిషి నలభై అడుగుల్లో ఎదురవుతాడు. అక్కడ తొమ్మిది రెట్ల స్కోపు పెడితే చొక్కా బొత్తాం దొరుకుతుందేమో గాని చేతిలో ఏముందో దొరకదు. ఒకటి నుంచి నాలుగు రెట్ల దాకా తిప్పుకునేది చాలు. మా వాడుకలో దాన్ని లో-పవర్ స్కోప్ అంటాం. కాగితం మీద అదే రాసిచ్చాను.

మూడోరోజు నాయుడు ఎర్రగీత కొట్టిన కాగితంతో వచ్చాడు. "నైన్ పవర్ ఉండగా మాకు లో పవర్ ఎందుకు, బ్రదర్?"

సొంత భాషలో చెబితే నాటుకుంటుందనుకున్నాను. "నాయుడుగారూ, మీవాళ్ళకి తక్కువ పవర్‌దే సరిపోతుందండీ."

ఆయన ముఖం కందగడ్డయింది. "తక్కువ! ఆ మాట తెలుసు నాకు. మా అవ్వ తిట్టేది, తక్కువోడా, తక్కువ బుద్ధోడా అని. తెల్లవాళ్ళు అంతా తక్కువే ఇచ్చినారు మాకు. ఇప్పుడు పవర్ మాది. నువ్వు ఇండియా నుంచి వచ్చి మళ్ళీ తక్కువ ఇస్తావా, మ్యాన్?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను అద్దాల గురించి చెబుతుంటే ఈయన రాజ్యం గురించి మాట్లాడతాడేమిటి! బొమ్మలు గీసి చూపించాను. ఆయన ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి తొమ్మిది పవర్‌వి ఎనిమిదీ కావాలని ఆర్డరు టైపు చేయించి నా సంతకానికి పంపాడు.

ఆ మధ్యాహ్నమే సార్జెంటు మ్ఖీజే వచ్చాడు. ఆ రైఫిళ్ళలో ఒకటి మోసేది ఆయనే. జూలూ మనిషి. "సోమవారం నుంచి ఈ తొమ్మిది పవర్‌ది నా రైఫిలు మీద ఉంటుంది. ఎదుటివాడి చేతిలో ఏముందో కనపడకపోతే నేనేం చెయ్యాలి? కాలిస్తే ఎవర్నో చంపుతాను, కాల్చకపోతే నేను చస్తాను" అన్నాడు.

వెంటనే నాయుడికి ఫోను చేసి రప్పించాను. రైఫిలు లేకుండా వట్టి తొమ్మిది పవర్ స్కోపు చేతికిచ్చాను. గది అవతలి చివర, సామాన్ల గదిలోంచి నేను చెప్పినట్టే మ్ఖీజే ఒక వస్తువు పట్టుకుని బయటికొచ్చాడు.

"చేతిలో ఏముందండీ?"

"ఆగు... ఖాకీ బట్ట... ఆగు..."

"ఆగడండీ ఆయన! తుపాకీయా, కాదా?"

"ఏయ్, కనపడదు నాకు!"

ఒకటి నుంచి నాలుగు దాకా తిరిగే స్కోపుని ఒకటి మీద పెట్టి ఇచ్చి, రెండు కళ్ళూ తెరిచి చూడమన్నాను.

"గొడుగు" అన్నాడు వెంటనే. స్కోపు దించి నా బల్ల మీద పెట్టాడు. "నాకు తెలిసింది. బట్ లో పవర్ అని రాస్తే మా పెద్దాఫీసరు చింపేస్తాడు. ఆయనా నాలాంటివాడే" అన్నాడు.

"అయితే వైడ్ వ్యూ స్కోప్ అని రాద్దాం" అన్నాను. అదే సరుకు, అదే మోడల్ నంబరు. మర్నాడే సంతకాలయిపోయాయి. మూడు వారాలు గొంతు చించుకున్నది రెండు మాటల కోసమా అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండు నెలల తర్వాత మ్ఖీజే గురి సరిచేయించుకోడానికి వచ్చాడు. చెరుకులోంచి భుజాన పొడుగాటిదేదో పెట్టుకుని ఒక మనిషి ఎదురొస్తే రైఫిలు ఎత్తాడట. ఆకారం మొత్తం ఒక్కసారిగా కనిపించింది. పార మోస్తున్న ముసలామె. దించేశాడు. "నిలబెట్టి తిట్టింది నన్ను. యెబో, యెబో, అవునమ్మా, నీదే నిజం అన్నాను" అని చెప్పాడు.

చూపు నా వృత్తి అనుకున్నాను గాని, నా మాట అవతలివాడికి ఎక్కడ తగులుతోందో చూడలేదు. నాయుడి మీద చిరాకు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కాని ఆ మధ్యాహ్నం మ్ఖీజే తలుపు తోసేసరికి నా చేతిలో కలం ఉంది. వాళ్ళ చావు వాళ్ళు చస్తారని తొమ్మిది పవర్ ఆర్డరు మీద నా పేరు సగం రాసేశాను.