ఇరవై అయిదు చాలన్న మా మేడమ్

మొన్న ఆదివారం పొద్దున మేడమ్ వాళ్ల తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క చర్చికి తయారై కుర్చీలో కూర్చుందమ్మా. పద, ఆటో వచ్చింది అంటే లేవలేదు" అన్నారు. "నీకు ముందు చెప్పాలనిపించింది" అని ఫోన్ పెట్టేశారు.

మేడమ్ విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్రం చెప్పేవారు. నా పరిశోధనకు ఆవిడే గైడ్. గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులోని తార్నాకలో స్థిరపడిన కుటుంబం. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడితో కలిసి ఉండేవారు. తెల్లటి నూలు చీర, నల్ల గొడుగు, స్టీలు టిఫిన్ డబ్బా. ఎండైనా వానైనా తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి నడిచే వచ్చేవారు. దారిలో జామకాయల బండి కనిపిస్తే ఆగి, ఉప్పూ కారం ఎక్కువ వేయమని బతిమాలేవారు. నన్ను తిట్టాలనుకున్న రోజు ఆ ముక్కల పొట్లం ముందు నా చేతిలో పెట్టేవారు. అందుకని జామకాయ చూస్తే ఇప్పటికీ నాకు కొంచెం భయమే.

ఏది మంచిది అని ఎవరు అడిగినా ఆవిడ దగ్గర ఒకటే జవాబు: "దేనికి?" ఏ పెన్ను మంచిది, ఏ బస్సు మంచిది, ఏ ఉద్యోగం మంచిది, దేన్నడిగినా అంతే. మొదట్లో విసుగొచ్చేది. ఆ మాట విలువ నాకు తెలిసింది తొంభైల మొదట్లో, మా డిపార్ట్‌మెంట్‌కు ఒక లాప్‌టాప్ కొనాల్సి వచ్చినప్పుడు.

అప్పుడు మేము కరువు ఊళ్లలో నీళ్ల కోసం సర్వే చేస్తుండేవాళ్లం. నేలలో ఇనుప కడ్డీలు పాతి, కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోతుందో కొలుస్తాం. ఆ కొలతలతో పెద్ద లెక్క చేస్తే అడుగున రాయి ఎంత లోతులో ఉందో, తడి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ లెక్క చేయడానికి క్యాంపస్‌కు తిరిగొచ్చి, కంప్యూటర్ సెంటర్‌లో మా వంతు కోసం కాచుకోవాలి. ఒకసారి మేము ఫలితం పట్టుకుని ఊరికి వెళ్లేసరికి, సర్వే అడిగిన రైతు ఆగలేక బోరు వేయించేశాడు. చుక్క నీరు లేదు, అంతా రాతిపొడి. మేము వద్దని చెప్పడానికి వెళ్లిన చోటే వేయించాడు. తిరిగొచ్చి జీపు దిగుతూ మేడమ్, "లెక్క పొలంలోనే తేలాలమ్మాయ్. అక్కడ తేలకపోతే ఇది మన చదువు కోసమే కానీ వాళ్ల కోసం కాదు" అన్నారు.

లాప్‌టాప్‌కు అనుమతి వచ్చిన రోజుల్లోనే నేను చదువు మానేద్దామనుకున్నాను. జనగామ పక్క ఊళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని. మొదటి సెమినార్‌లో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పి ఆగిపోతే వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ సాయంత్రం మాణికేశ్వర్ నగర్‌లో మా అన్నావదినల గదికి వెళ్లి, ఇక బడిలో టీచరు పని చూసుకుంటానని చెప్పేశాను. మర్నాడు అదే మాట మేడమ్‌కు చెప్పడానికి వెళ్లాను.

"మేడమ్, నాతోని కాదు. నేను పోత."

ఆవిడ పెన్సిల్ చెక్కుతూ తలెత్తలేదు. "పో. కానీ లాప్‌టాప్ పని ఒకటుంది. అది అయ్యాక పోదువుగానీ" అన్నారు.

పరిశీలనకు వచ్చిన లాప్‌టాప్‌లు రెండు. రెండింట్లోనూ 486 రకం ప్రాసెసరే. ఒకదాని వేగం ముప్పై మూడు మెగాహెర్ట్జ్, రంగుల తెర. రెండోదాని వేగం ఇరవై అయిదే, తెర బూడిద రంగు. మెమరీ రెండింటికీ సమానం. కాగితం మీద చూస్తే అసలు పోటీయే లేదు. అయితే ముప్పై మూడుది ఎస్ఎక్స్, ఇరవై అయిదుది డీఎక్స్. దశాంశాల లెక్కలు చేసే ప్రత్యేకమైన భాగం డీఎక్స్‌లో ఉంటుంది, ఎస్ఎక్స్‌లో ఉండదు. ఆ చిన్న అక్షరాల తేడాను మా కొనుగోలు కమిటీలో ఎవరూ అంత పట్టించుకోలేదు.

కమిటీకి పెద్ద ఒక సీనియర్ ప్రొఫెసర్. మంచి మనిషి, హైదరాబాదీ. "ఏంది మేడమ్, గింత ఆలోచన? ముప్పై మూడు పెద్దదా, ఇరవై అయిదు పెద్దదా?" అని నవ్వారు.

"దేనికి, సార్?" అన్నారు మేడమ్.

రెండు మిషన్లనూ ఒక రోజు డిపార్ట్‌మెంట్‌లో వదిలి వెళ్లమని అమ్మేవాళ్లను అడిగారు. పరీక్ష నన్ను పెట్టమన్నారు. నేను మొదట ఫైళ్లు తెరిచాను, పేజీలు తిప్పాను, పేర్లను వరుసలో పెట్టించాను. అన్నింట్లో ముప్పై మూడుదే ముందుంది. దాన్ని తెచ్చిన సేల్స్ కుర్రాడు, "చూశిన్రా మేడమ్, స్పీడంటే గిదీ!" అని మురిసిపోయాడు.

"బాగుంది బాబూ" అన్నారు మేడమ్, మనసారా. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు మన పని ఇయ్యి" అన్నారు.

రైతు ఆగలేకపోయిన ఆ పొలం కొలతలే ఫ్లాపీలోంచి రెండింట్లో ఎక్కించి, మా లెక్క ప్రోగ్రాంను ఒకేసారి మొదలుపెట్టాను. అటెండర్ అప్పుడే టీ తెచ్చాడు. మేడమ్ గ్లాసు సగం తాగేలోపు ఇరవై అయిదుది గీతలు గీసి ఆగిపోయింది. ఎక్కడో తప్పు జరిగిందనుకున్నాను. సరిచూస్తే జవాబు సరిగ్గానే ఉంది. ముప్పై మూడుది ఇంకా నడుస్తూనే ఉంది. టీ అయిపోయింది, గ్లాసులు కడగడం అయిపోయింది, ఆ కుర్రాడు కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు. మేడమ్ అతణ్ని పిలిచి కూర్చోబెట్టి, "నీ మిషన్‌లో లోపమేం లేదు నాన్నా. టైపు చేసుకునేవాళ్లకి నేనే నీ పేరు చెప్తాను" అన్నారు. తర్వాత నిజంగానే మా ఆఫీసు పనికి అతని దగ్గరే ఒక కంప్యూటర్ కొనిపించారు.

కమిటీ ముందు ఈ సంగతి నేనే చెప్పాలన్నారు.

"ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె మేడమ్?"

"తెలుగులో చెప్పు. ప్రాసెసర్‌కి ఏ భాషా రాదు."

చెప్పాను. "సార్, దశాంశాల గుణకారం వస్తే గీ ముప్పై మూడుకు అది ఒక్కసారే చేయరాదు. చిన్న చిన్న కూడికలుగా ఇడగొట్టుకుంటది, ఏళ్ల మీద లెక్కబెట్టుకున్నట్టు. ఉరుకుతది గానీ మస్తు అడుగులు ఎక్కువ పడ్తయి. గా ఇరవై అయిదుకు అందుకోసమే వేరే భాగం ఉన్నది. మన లెక్కంతా దశాంశాలే" అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. సీనియర్ ప్రొఫెసర్ ముందుకు వంగి, "మరి దీని బ్యాటరీ జల్దీ అయిపోతది కదమ్మా, పొలంల ఏం చేస్తవ్?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. జీపు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే పెట్టె వర్క్‌షాపులో చేయించుకుంటామన్నాను. ఆయన తలూపి సంతకం పెట్టారు. పెడుతూ, "తెలుగుల జెప్తే నాకు గూడ మంచిగ సమజైంది" అన్నారు. ఆ సాయంత్రం మా గదికి వెళ్లి వదినతో బడి ఉద్యోగం సంగతి ఎత్తలేదు. మేడమ్ కూడా మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఎండాకాలమే లాప్‌టాప్‌ను తీసుకుని ఒక ఊరికి వెళ్లాం. భర్త చనిపోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న ఒకావిడ బోరు వేయించాలనుకుంది. మేము కడ్డీలు పాతుతుండగానే బోరు బండి వచ్చేసింది. బూడిద తెర ఎండలో ఏమీ కనిపించదు. జీపు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టి నేను లెక్క మొదలుపెడితే, మేడమ్ గొడుగు వంచి దానికి నీడ పట్టి, తాను ఎండలో నిలబడ్డారు. లెక్క తేలింది. ఆ రైతమ్మ చెలకలో, ఆ మెట్ట పొలంలో, కొద్ది లోతులోనే గట్టి రాయి. నీళ్లుండే అవకాశం ఉన్నది ఒక్కచోటే, ఆవిడ చెలకకూ మరిది చెలకకూ మధ్య ఉన్న గట్టు మీద.

"వాని గట్టు జోలికి నేను పోను. మూడేండ్లాయె మాటల్లేక" అందావిడ. బోరు బండి డ్రైవరు, "జల్ది చెప్పుండ్రి, ఇంకో ఊరికి పోవాలె" అని తొందరపెట్టాడు.

మేడమ్ గొడుగు మూసి, మరిది ఇంటికి తానే వెళ్లి పిల్చుకొచ్చారు. ఇద్దరినీ జీపు దగ్గర నిలబెట్టి, తెర మీది గీత చూపించమని నాకు చెప్పారు. రాయి ఎక్కడ పగిలి ఉందో, తడి ఎక్కడ ఉండొచ్చో వాళ్ల మాటల్లోనే చెప్పాను. మరిది చాలాసేపు తెరను చూసి, "నీల్లు పడకుంటే?" అన్నాడు.

"పడకపోవచ్చు కూడా బాబూ. ఇది దేవుడు కాదు, లెక్క" అన్నారు మేడమ్. "కానీ మీ ఇద్దరి పొలాల్లో ఆశ ఉన్న చోటు ఇదొక్కటే."

మరిది వదినను చూడకుండానే, "గట్టు మీదనే ఎయ్యమను. చెరి సగం" అన్నాడు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. పొద్దు వాలేవేళకు గొట్టంలోంచి ముందు బురద, తర్వాత బూడిదరంగు నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు వచ్చాయి. పెద్ద ధార ఏమీ కాదు. రెండు మడులు తడవడానికి సరిపోయేంత. మరిది దోసిట్లో పట్టి మొదట వదినకిచ్చాడు. మేడమ్ అది చూడనట్టు వెనక్కి తిరిగి కడ్డీలు తుడుస్తూ ఉండిపోయారు.

నేనిప్పుడు భూగర్భ జలాల శాఖలో పనిచేస్తున్నాను. ఆ తర్వాత ఎన్నో మిషన్లు మారాయి. ప్రతిసారీ కొత్త పిల్లలు అంకెలు పట్టుకొచ్చి ఏది మంచిది మేడమ్ అని నన్నడుగుతారు. వాళ్ల చేతికి మా పొలాల కొలతలిచ్చి రెండింట్లోనూ నడిపించి చూడమంటాను. చూసొచ్చాక అందరి ముందు చెప్పమంటాను. బెరుగ్గా ఉన్నవాళ్లను ఇంకొంచెం ముందు పిలుస్తాను. ఇది నాకు వచ్చిన తెలివి కాదు, ఆవిడ పెట్టిన భిక్ష.

సోమవారం సమాధి కార్యక్రమం అయ్యాక తార్నాక ఇంటికి వెళ్లాను. బంధువులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మేడమ్ తమ్ముడు కనిపించకపోతే మేడ మీదికి వెళ్లి చూశాను. శనివారం ఆవిడ ఉతికి ఆరేసిన తెల్ల చీరలు ఇంకా తీగ మీదే ఉన్నాయి. ఆయన ఒక చీరను చేతుల్లోకి తీసుకుని, ఎక్కడ పట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నారు. నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం చెరొక చివర నిలబడి దులిపాం, సగానికి మడిచాం. మడతపెట్టడానికి ఆయన ఇటు నడిచారు, నేను అటు నడిచాను. మధ్యలో చీర ఆయన చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది. ఇంకా ఎండ వెచ్చదనం పోలేదు దానికి.