కిటికీ అద్దం మందం

నిన్న ఉదయం తిరుమణి దారిలో, ఒకప్పుడు వేరుశనగ పండిన నేలను కప్పేసిన సోలార్ ప్యానెళ్ల పక్కగా నడుస్తుంటే, వాటిని తుడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె నన్ను గుర్తుపట్టి, "ఏం సార్, ఈ అద్దాలు ఎప్పుడు కారతాయి? కింద బక్కెట్టు పెట్టాల్నా?" అని అడిగింది. పక్కవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆమె నా పాత విద్యార్థిని, బలసముద్రం గొర్రెల కాపరి కూతురు.

ముప్పయ్యేళ్ల కిందట తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతూ, బెల్లం పాకం చల్లారి చిక్కబడే కొద్దీ అందులోని అణువుల కదలిక ఎలా మందగిస్తుందో, చివరకు గాజులా ఎలా బిగుసుకుంటుందో వివరించాను. అంతవరకు సరే. గాజు మాత్రం నెమ్మదిగా కారుతూనే ఉంటుందని, అందుకే పాత కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉంటాయని, మన తరం ఉపాధ్యాయులు ఎందరో చెప్పిన మాటే నేనూ చెప్పాను. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మా దొడ్లో గొర్రెలు కిక్కిరిసినాక ఒకటి కదలాలంటే పక్కవి జరగాల సార్. ఈ మూల నాలుగు జరిగినా ఆ మూలవి జరగవు. అన్నీ ఇరుక్కుంటే యాడివి ఆడే నిలబడతాయి. గాజు గూడా అంతే గదా, ఇంక యాడ కారతాది?"

తరగతి గొల్లుమంది. అయితే ఆ గొర్రెల దగ్గరికే పొమ్మన్నాను. వార్షిక పరీక్షలో ఆమె మళ్లీ అదే రాసింది. ఆ ప్రశ్నకు నేను వేసిన సున్నాతోనే తప్పి, బడి మానేసింది.

ఇంతే అయితే తెలియక చేసిన తప్పని సరిపెట్టుకునేవాడిని. ఫలితాలు చెప్పిన వారానికే బడి కిటికీలు మార్చారు. ఊడదీయకముందే పైఅంచున సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆరు పాత అద్దాలను స్క్రూగేజితో కొలిచాను. గాజు కారేదే అయితే ఆరూ అడుగునే మందంగా ఉండాలి; మూడు పైవైపే మందంగా ఉన్నాయి. నోటుపుస్తకంలో పొందికగా రాసుకుని ఊరుకున్నాను. ఆఫీసుల తప్పుల మీద పేజీలకు పేజీలు అర్జీలు రాసిన నాకు, నా చేత్తో వేసిన మార్కును దిద్దడం మాత్రం నామోషీ అనిపించింది.

ఈ ఉదయం ఆ పుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు తెరిచాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని నిదానంగా చదివింది.

"అట్లయితే మీకు అప్పుడే తెలుసా సార్?"

జవాబు కోసం ఆగకుండా తరువాతి ప్యానెల్ వైపు వెళ్లిపోయింది.

ఇప్పటి పిల్లలు ఫోనులో చూసి, సార్ చెప్పింది తప్పని నిర్భయంగా అంటారట, వినే సార్లూ ఉన్నారట. ఆనాడు ఆ అమ్మాయి ముందుకు కదలాలంటే పక్కనున్న నేను కొంచెం జరగవలసింది. జరగలేదు.