జిల్లేడు నల్లికి విస్తరి

ఆ రోజుల్లో జువాలజీ డిగ్రీ ఉన్న కోడలు ఇంట్లో అడుగుపెడితే పురుగుల శాఖ మొత్తం ఆమెదే. (బొద్దింక కనబడినా నన్నే పిలిచేవారు. అదంటే నాకు ప్రాణభయం.) గాజువాకలో మా పెరట్లో అత్తయ్య సింహాచలం కొండ దిగువ నుంచి తెచ్చి నాటుకున్న తెల్లజిల్లేడుకి రోజూ పసుపు, కుంకుమ, దీపం. పక్కనే మావయ్య బెండ మడి. రెండింటికీ ఎర్రటి నల్లులు పట్టాయి (మంచం నల్లులు కావు, మొక్కల రసం పీల్చేవి). "నీ జిల్లేడు మీంచే నా బెండకొచ్చినాయి. ఆదివారం ఆ సెట్టు కొట్టీస్తాను," అన్నారు మావయ్య. అత్తయ్య ఆ పూట ముద్ద ఎత్తలేదు. "సదువుకున్నదానివి, ఏదోటి సెప్పవే!" అంది నాతో.

"అవి వేరు జాతి మావయ్యా, బెండకాయ ముట్టవు," అనేశాను. (నాకూ పూర్తి నమ్మకం లేదు.) జిల్లేడు నల్లుల్ని పట్టి, ఖాళీ ఆవకాయ సీసాలో బెండకాయ ముక్కలు మాత్రమే వేసి ఉంచాను. ఆదివారానికి నీరసించి పడుంటాయని నా లెక్క. తీరా చూస్తే సీసా అంతా షికార్లు చేస్తున్నాయి.

"సూసేవా, బెండకాయ తిని ఎంత హుషారుగున్నాయో!" మావయ్య కత్తి తీశారు.

అత్తయ్య బిక్కమొహం వేసింది. "ఆకలికి సచ్చిపోతాయని రోజూ జిల్లేడు కాయలు నానే ఏసేను. తినీసేక తీసీసేను. ఇంటికొచ్చినోల్ని పస్తుంచుతామేటి?"

"సెట్టు కోసం కతలల్లుతన్నావేటి?" మావయ్య నమ్మలేదు.

ఇక నా పరువు, అత్తయ్య దేవుడు రెండూ పోయేలా ఉన్నాయి. బెండ మీది నల్లినొకదాన్ని పట్టుకొచ్చి, రెండింటినీ పేపరు మీద వెల్లకిలా తిప్పాను. బెండ నల్లి పొట్ట మీద అడ్డంగా తెల్ల చారలు, జిల్లేడు నల్లికి అవి లేవు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని, నల్లుల కంపు భరిస్తూ చాలాసేపు చూశారు.

"మరి ఇయ్యి ఎక్కణ్ణుంచొచ్చినాయమ్మా?"

"బెండకి మందారం చుట్టం మావయ్యా. ఆ చెట్టు మీంచి అయ్యుంటాయి."

గేటు దగ్గరి మందారం మావయ్య ప్రాణం. దాని పువ్వు పూజకి కూడా కొయ్యనిచ్చేవారు కాదు. కత్తి వైపోసారి, మందారం వైపోసారి చూసి, "ఇయ్యాల ఎండెక్కువుంది," అంటూ లోపలికెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం చేపల పులుసులో పెద్ద ముక్క నా కంచంలోనే పడింది.

ఇప్పుడు ఆ పెరడూ లేదు, అత్తయ్యా లేదు. మొన్న మా ఫ్లాట్ బాల్కనీలో కుండీ బెండ మీద ఒక ఎర్ర నల్లి కనిపించింది. తిప్పి చూశాను, తెల్ల చారలున్నాయి. జువాలజీ చదివినదాన్ని, దులిపి పారెయ్యాలి. ఓ ముదురు బెండకాయ చీల్చి దాని ముందు పెట్టాను. సాయంత్రం ఎంగిలి ముక్క నేనే తీశాను.