మూడుసార్లు మాయమైన లైను

దయ్యాల కబుర్లు మోసుకొచ్చేవాళ్లకు మా ఇంట్లో మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేస్తాం. మాది మూడు తరాల చర్చి కుటుంబం. పైగా నేను వెబ్‌సైట్లు కట్టేవాణ్ణి. నా పనిలో ఏం మారినా, ఎవరు మార్చారో, ఎన్నింటికి మార్చారో రికార్డు ఉంటుంది. అందుకే దేన్నీ ఊరికే నమ్మను. ఇది కూడా నమ్మి చెప్పడం లేదు, జరిగింది కాబట్టి చెబుతున్నాను.

బళ్లారి గాంధీనగర్‌లో మా ఇంటి మేడమీది గదే నా ఆఫీసు. మా నాన్న చెల్లెలు సుగుణత్త బండ్రి ఊరి బడిలో టీచరుగా రిటైరై మాతోనే ఉండేది. ఏ కొత్త పేజీ తయారైనా ముందు ఆమె చేతికివ్వడం నాకు అలవాటు. ఆమెది పాత చిన్న ఫోను, అందులో అక్షరాలు రెండింతలు పెద్దవిగా పెట్టుకుంది. ప్రార్థన, టిఫిను అయ్యాక సరిగ్గా పదిన్నరకు కళ్లజోడు తుడుచుకుని కూర్చునేది. ఆమె కంట పడని తప్పు లేదు.

ఒక్కసారి మాత్రం ఆమె మాట పట్టించుకోలేదు. ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ సైటులో కంటి డాక్టరు అపాయింట్‌మెంటు కోసం కుస్తీ పడుతోంది.

"యాడ నొక్కల్లప్పా? అక్షరాలు చీమల మాదిరి ఉండాయి. లాగినా పెద్దగ కాకపాయ. సొల్ప నువ్వన్నా చూడప్పా."

"ఆ సైటు అంతే అత్తా, పెద్దగ కాకుండా వాళ్లే ఆపేసినారు," అన్నాను తల ఎత్తకుండా. ఆమె ఎండలో ఆటో ఎక్కి వెళ్లి, క్యూలో నిలబడి వచ్చింది. ఆ వేసవిలోనే గుండె ఆగి చనిపోయింది. ఆ ఆటో సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆరు నెలలకు అదే సైటును కొత్తగా కట్టే పని నాకే వచ్చింది. వందల పేజీలు, అన్నీ ఒకే ప్లాట్‌ఫారం మీద. ఫోనుకు వేరే, కంప్యూటరుకు వేరే కాకుండా, ఒకే పేజీ ఏ తెరకైనా తనంతట తానే సర్దుకోవాలి. సోమవారం సైటు తెరవాలి. అది సరిగ్గా జరిగితేనే నాకు మరో ఏడాది పని. బెంగళూరులో వాళ్ల మేనేజరు వినయ్‌ది ఒకటే పట్టు: అక్షరాలు పెంచితే పేజీ చెదురుతోంది కాబట్టి, ఎవరూ పెంచుకోకుండా ఆపే కోడు లైను ఒకటి పెట్టమని. గడువు తరుముతోంది. పెట్టేశాను. సిగ్గుగానే అనిపించింది.

మర్నాడు పదిన్నర దాటాక చూస్తే ఆ లైను లేదు. నేనే మరిచానేమో అనుకుని మళ్లీ పెట్టాను. మరుసటి రోజు అదే వేళకు మళ్లీ లేదు. మూడోరోజు లైను మళ్లీ పెట్టి, ఆ ఫైలును నేను తప్ప ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసి, ఎదురుగా కూర్చున్నాను. పదిన్నరకు లైను ఉంది. టీ గ్లాసు కింద పెట్టి చూసేసరికి లేదు. మార్పుల రికార్డులో ఎవరి పేరూ లేదు. ప్లాట్‌ఫారం వాళ్లను అడిగితే, అలా జరగడానికి వీల్లేదన్నారు.

సైటు తెరిచేముందు పరీక్షకు పెట్టిన ఆ పేజీని ఎవరెవరు తెరిచారో చూశాను. మూడు రోజులూ పదిన్నరకు ఒకే ఒక్కరు. చిన్న తెర, రెండింతల అక్షరాలు. అపాయింట్‌మెంటు బటను దాకా వచ్చి ఆగిపోయారు. అత్త ఫోను నా బల్ల సొరుగులోనే ఉంది, బ్యాటరీ తీసి.

భయం వేయలేదు. టీచరమ్మ చేత చీవాట్లు తిన్నట్టు అనిపించింది. వినయ్‌కు ఫోన్ చేసి, ఈ సంగతేమీ చెప్పకుండా, లైను పెట్టనని మాత్రం చెప్పాను. రెండు రోజులిస్తే అక్షరాలు పెంచినా చెదరకుండా చేస్తానన్నాను.

"ఆయ్తు, సరే. సోమవారం చెదిరిందంటే ఇంక మీకు పని లేదు, చూసుకోండి," అన్నాడు.

కొలతలన్నీ కదలకుండా బిగించడమే అసలు తప్పు. వాటిని అక్షరం సైజుకు ముడిపెట్టాను. పేజీలోని ప్రతి పెట్టె తనకు దొరికిన చోటును బట్టి మడుచుకునేలా రాశాను. ఇవన్నీ ఇప్పటి వెబ్ ప్రమాణాల్లో ఉన్నవే. నేనే బద్ధకించాను.

సోమవారం సైటు తెరుచుకుంది. ఎంత పెంచినా పేజీ చెదరలేదు. పదిన్నరకు రికార్డులో ఆ చిన్న తెర మళ్లీ కనబడింది. ఈసారి బటను నొక్కి చివరి పేజీ దాకా వెళ్లింది. అపాయింట్‌మెంట్ల జాబితాలో మాత్రం ఆ వేళకు ఏ పేరూ లేదు. ఆ తర్వాత ఆ తెర ఎప్పుడూ రాలేదు. నాకు మరో ఏడాది పని ఖాయమైంది.

ఇదెలా జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. నాకన్నా తెలిసినవాళ్లను అడిగాను, వాళ్లకూ అంతుపట్టలేదు. ఇప్పుడు ఏ పేజీ పూర్తయినా పదిన్నరకు ఆ ఫోను తీసి బల్లమీద పెడతాను. "చూడత్తా, కనపడతాండాయా?" అని అడుగుతాను. మా ఆవిడ నన్ను చూసి నవ్వుతుంది. నవ్వుతూనే అత్త కళ్లజోడు తుడిచి తెచ్చి ఫోను పక్కన పెడుతుంది.