తెర అవతల మా ఆయన

తప్పు లెక్కది. జంషెడ్‌పూర్‌లో మా ఇంట్లో వేలాడేది హిందీ క్యాలెండరు. నెల తప్పకముందు ఆఖరిసారి బయట చేరిన రోజు అందులో మార్గశిర బహుళ పంచమి అని ఉంటే, అమ్మకు అలాగే ఉత్తరం రాశాను. ఇక్కడివాళ్లకు నెల పున్నమి దాటగానే మొదలవుతుంది, మనకు అమావాస్య దాటాక. వాళ్ల మార్గశిర బహుళం మనకింకా కార్తీకమే. అమ్మ తన పంచాంగం చూసి నెల ఆలస్యంగా లెక్కేసింది. "ఎనిమిదో నెలలో ప్రయాణం చెయ్యకూడదు. తొమ్మిది రాగానే మీ నాన్న వచ్చి తీసుకొస్తాడు" అని జవాబు రాసింది. నా లెక్క వేరేగా వస్తోందని నాకు తెలుసు. అయినా ఐదుగురిని కన్న మనిషి కదా అని ఊరుకున్నాను.

1979 ఆగస్టు, గురువారం. పొద్దున్న ఆరున్నరకు మా ఆయన రాత్రి డ్యూటీ దిగి భుయ్యాడీహ్ బస్తీలో మా ఇల్లు చేరేసరికి నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఉమ్మనీరు పోయింది. వీధిలో మోకాళ్ల లోతు వాన నీళ్లు, రిక్షాలు లేవు. ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టకుండానే వెళ్లి వెనక వీధి మంత్రసానిని తీసుకొచ్చాడు.

ఆవిడకు హిందీ తప్ప రాదు. నాకప్పటికి వచ్చిన హిందీ కూరగాయల బేరం వరకే. మగవాడు పురిటిగదిలోకి రాకూడదు. అందుకని గుమ్మానికి నా పాత చీర కట్టి, దాని అవతల మా ఆయన నిలబడ్డాడు. ఆవిడ చెప్పేది నాకు తెలుగులో చెప్పాలి.

"ఊపిరి బిగబట్టమంటంది."

"ఎంతసేపు?"

"అది సెప్పలేదు."

"అడుగు, మావా!"

అడిగాడు. మంత్రసాని నవ్వి ఏదో అంది.

"ఏటంటంది?"

"లెక్కలు తర్వాత సూసుకోమంటంది."

నాలుగు గంటలు అలాగే. ఆయన గొంతు బొంగురుపోయింది. పదకొండు దాటాక తల బయటికొచ్చింది. మంత్రసాని గబగబా ఏదో అంది. తెర అవతల మాట లేదు. ఆవిడ మళ్లీ అంది. "గలే మే నాల్ హై." అయినా మాట లేదు.

"పడుకున్నావేటి మావా!" అని అరిచాను.

"కునుకట్టేసింది" అన్నాడు కాసేపటికి. "ముక్కొద్దంట. తను సెప్పేదాకా కదలకు."

కదల్లేదు. పదకొండూ నలభైకి ఆడపిల్ల ఏడ్చింది. నన్ను తీసుకెళ్లడానికి నాన్న దిగేసరికి పిల్లకు పదకొండు రోజులు.

పెళ్లాం నొప్పులు పడుతుంటే నిలబడి నిద్రపోయిన మనిషని ఆయన్ని చుట్టాల ముందు ఎన్నిసార్లు దెప్పానో. నవ్వి ఊరుకునేవాడు. ఆరేళ్లకు పక్కింటి కోడలి పురిటికి సాయం వెళ్లి, అదే మంత్రసాని నోట అదే మాట విన్నాను. అప్పటికి నాకు హిందీ వచ్చు. బొడ్డుతాడు మెడకు చుట్టుకుందని.

ఇంటికొచ్చి అడిగాను. ఆయన డ్యూటీ దిగి బూట్లు విప్పుకుంటున్నాడు.

"నీకు సెప్తే ఏటి సేద్దువు?" అన్నాడు. రెండో బూటు విప్పాక, "నాకే కాళ్లూ సేతులూ ఆడలేదు" అన్నాడు. "అన్నం పెట్టు. నిద్దరొత్తంది."