బోడసరం ఎండేదాకా

ఫాల్గుణ మాసం, శుక్రవారం. మా వీధికంతా పరుపులు, దిండ్లు కుట్టిన సాయిబు గారు ఈ తెల్లవారుజామున పోయారు. సోమవారం మా ఖాళీ ప్లాటులోకి జేసీబీ వస్తోంది. ఈ రెంటికీ సంబంధం ఉంది కనుక ఇవాళే రాస్తున్నాను.

మేము కోస్తా నుంచి ఇబ్రహీంపట్నం వచ్చిన కొత్తలో ఆయన మా అరుగు మీద కూర్చుని దూది ఏకారు. విల్లు తాడు మోగుతుంటే పిల్లలంతా చేరారు. ఏకిన దూదిలో గుప్పెడు ఎండుపూలు కలపడం చూసి, "అదేమిటండీ, చెత్త కలుపుతున్నారు?" అని గద్దించాను.

"చెత్త గాదమ్మా, బోడసరం. గిది ఏస్తే పురుగు రాదు."

దూది తూకం నేనే మళ్ళీ వేసి చూస్తుంటే నవ్వారు. "నీ లెక్కల పురుగుకు మాత్రం మందు లేదు." ఆ మాట ఇంకొకరు అని ఉంటే ఊరుకునేదాన్ని కాదు.

బోడసరం వరి మళ్ళ పువ్వు. కోతలయ్యాక, తడి ఆరుతున్న నేలలో దానంతటదే వస్తుంది. ఊదారంగులో, గుండ్రంగా, బొత్తాములంత పూలు. నలిపితే ఘాటు వాసన. ఎండలు ముదిరితే మొక్క చచ్చిపోతుంది. రాలిన గింజే వచ్చే ఏటి మొక్క. అందుకే ఆయన ఎండిన పూలే కోసేవారు, కోసే ముందు ప్రతి కొమ్మనూ అక్కడే దులిపేవారు. నేను పచ్చిది తుంచితే కసిరారు: "వచ్చే యేటిది గూడ ఇప్పుడే తెంపుతవా అమ్మా?"

ఆదిభట్లకు కంపెనీ బస్సులు తిరగడం మొదలయ్యాక మళ్ళు ప్లాట్లయ్యాయి, ఇళ్ళల్లోకి ఫోమ్ పరుపులు వచ్చాయి. వానాకాలం నీళ్ళు నిలిచే మా ప్లాటులోనే ఆ పూలు మిగిలాయి. ఆయన ఏటా వాటి కోసం వచ్చేవారు. వీధిలో పుట్టిన పిల్లలకు చిన్న దిండ్లు కుట్టేవారు.

మొన్న ప్లాటులో మా అబ్బాయి ఇంటి పునాదికి వేయించిన ముగ్గు గీతలు చూసి మా గుమ్మంలో నిలబడ్డారు. "నీ కొడుకును జర ఆగుమనమ్మా. పూలింక పచ్చిగున్నయ్. నీ మునిమనవరాలి దిండుకు దూది ఏకి పెట్టిన." ఆపిస్తానన్నాను.

ఈ ఉదయం సాయిబు గారింటి నుంచి వచ్చాక, పని ఆపమని మా అబ్బాయికి చెప్పాను.

"అడ్వాన్సు ఇచ్చేశానమ్మా, సోమవారం బండి వస్తుంది."

"రానీ. డ్రైవరు టీ తాగి వెళతాడు."

కనుక మా ఇంట్లో జరగవలసినవి:

1. పూలు ఎండేదాకా ప్లాటులో పార పడకూడదు.

2. కొమ్మలు దులిపాక, గింజలు రాలిన ఆ పైమట్టిని ఇంటి వెనక నీళ్ళు నిలిచే మూలకు మార్చాలి. మా అబ్బాయే మోస్తాడు.

3. పూలు నేను కోసి వాళ్ళింటికి ఇస్తాను. దిండు ఆయన భార్య పూర్తిచేస్తానన్నారు. పొద్దున చూశాను: విల్లు కింద, చాప మీద ఉంది. మూడు వైపులా కుట్టేశారు. నాలుగో వైపు పూల కోసం తెరిచి ఉంచారు.